కుప్ప కుదిరితే చాలదు

పట్టాలు అందుకున్న మీరంతా ఈ గౌన్లలో ఉడికిపోతున్నారని తెలుసు. జీవితం గురించి మీ ఇంట్లోవాళ్లు చెబుతారు, నేను తవుడు గురించి చెప్పి కూర్చుంటాను.

మిర్యాలగూడ వైపు రైసు మిల్లుకు వెళ్తే తవుడు దిగే తొట్టిని ఓసారి పరికించండి. కింది మూతి దగ్గర రేకు సొట్టలు పడి కనిపిస్తే, తవుడు లోపల కమాను కట్టి ఆగిపోయినప్పుడల్లా ఎవరో సుత్తితో బాదిన గుర్తులని అర్థం. అదే తొట్టిలో ఎండిన వడ్లు పోయండి, జలజలా దిగిపోతాయి. గోడ వాలు మారలేదు, మూతి మారలేదు. మారినదల్లా రేణువుకూ రేణువుకూ మధ్య వ్యవహారం.

రేణువులది నీళ్ల తీరు కాదు. నీళ్ల ట్యాంకులో లోతుకొద్దీ అడుగున ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది. ధాన్యం సైలోలో కొంత లోతు దాటాక ఆ పెరుగుదల దాదాపు ఆగిపోతుంది, ఆపై బరువును ఘర్షణ ద్వారా గోడలు మోస్తాయి. యాన్సెన్ అనే జర్మన్ ఇంజినీరు 1895లోనే నమూనా సైలోలో ధాన్యం పోసి, అడుగున పడే బరువును తూచి మరీ దీన్ని చూపించాడు.

1979లో కండల్, స్ట్రాక్ అనే ఇద్దరు పరిశోధకులు కంప్యూటరులో ఒక్కో రేణువునూ విడిగా లెక్కగట్టే పద్ధతిని ప్రచురించారు. ఏ రెండు తగులుకున్నాయి, ఎంత బలంతో నెట్టుకున్నాయి, ఎటు జరిగాయి అన్న లెక్క, సెకనులో అతి చిన్న ముక్కకొకసారి. నాకు ముచ్చటేసేది ఇంకోటి. ఒత్తిడి పడితే కాంతిలో చారలు చూపే బిళ్లలతో అంతకుముందు జరిగిన ప్రయోగాన్ని తమ ఫలితం పక్కన పెట్టి ఆ వ్యాసంలోనే పోల్చారు. కోడ్ పుడుతూనే సాక్షిని వెంటబెట్టుకుని వచ్చిందన్నమాట.

ఇక ఈ పద్ధతిని వాడే మన సంగతి. అర మిల్లీమీటరు రేణువులున్న ఘనపు మీటరు ఇసుకలో సుమారు 900 కోట్ల రేణువులుంటాయి. అన్నిటినీ లెక్కించే ఓపిక మామూలు కంప్యూటరుకు ఉండదు కనుక రేణువుల్ని పెద్దవి చేస్తాం, గట్టిదనం తగ్గిస్తాం. అందులో తప్పు లేదు. చిక్కంతా ఆ తర్వాతే. తెర మీద కుప్ప పోసి, దాని వాలు ల్యాబులో పోసిన కుప్ప వాలుతో కలిసేదాకా ఘర్షణ గుణకాన్ని అటూ ఇటూ తిప్పుతాం. కలవగానే పని అయిపోయిందనుకుంటాం. కానీ జారే ఘర్షణ ఎక్కువ, దొర్లే నిరోధం తక్కువ పెట్టినా ఆ వాలు రావచ్చు, తారుమారు చేసినా రావచ్చు. ఆ రెండు జతల్నీ తొట్టిలో నడిపితే ఒకటి దిగి, రెండోది ఇరుక్కుపోవచ్చు.

సివిల్ వాళ్లకు ఇది తెలిసిన కథే. 300 మిల్లీమీటర్ల శంకువులో కాంక్రీటు నింపి, శంకువు ఎత్తి, అది ఎంత కుంగిందో, అంటే స్లంపు, కొలుస్తారు. కాంక్రీటు కదలడానికి ఎంత ఒత్తిడి కావాలో దాన్నిబట్టి అంచనా కడతారు. కదిలాక ఎంత చిక్కగా పారుతుందో స్లంపు చెప్పదు. అందుకే స్లంపు ఒకటే అయినా ఒక మిక్సు పంపులో సాఫీగా పోతుంది, ఇంకో మిక్సుకు పంపు మొరాయిస్తుంది. కాంక్రీటు పారే తీరును వర్ణించే బింగ్‌హామ్ నమూనా అడిగేది రెండు సంఖ్యలు, శంకువు ఇచ్చేది ఒక్కటే.

మీలో కొందరు త్వరలోనే రేణువుల లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్ల ముందు కూర్చుంటారు. మేనేజరు గారు రంగుల వీడియో అడుగుతారు, ఇవ్వండి. దాంతోపాటు పొర మీద పొరను జరిపి నిరోధం కొలిచే ఒక షియర్ పరీక్షకూ, తొట్టి ఎంతసేపట్లో ఖాళీ అవుతుందో కొలవడానికీ వారం గడువు అడగండి. గడువు దొరక్కపోతే, ఏ సంఖ్యలు కొలిచినవో, ఏవి కుప్పను చూసి సర్దినవో నివేదిక మొదటి పేజీలోనే విడివిడిగా రాయండి. డిజైను మీద సంతకం పెట్టేవారికి వీడియో కన్నా ముందు ఆ పేజీ చూపించండి.