ఆమెకే ముందు చెప్పండి

ఇవాళ మీరు నర్సింగ్ పట్టా అందుకుంటున్నారు.

కలలు కనండి, కొండలెక్కండి అని చెప్పే వక్తలు మీకు చాలామంది దొరుకుతారు. నా ఉద్యోగమంతా క్యాన్సర్ వార్డుల్లోనే గడిచింది కాబట్టి నాకు తెలిసింది నేను చెబుతాను. పండగపూట ఈ ముచ్చటేందని వెనక వరుసల్లో కూర్చున్న మీ అమ్మలు అనుకోవచ్చు. నిజానికి వాళ్ల కోసమే మాట్లాడుతున్నాను.

మీలో ఎక్కువమంది జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పిల్లలు. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చేదాకా ఈ ప్రాంతంలో చాలా భాగం పాత వరంగల్ జిల్లాదే. పెద్దాసుపత్రి అంటే వరంగల్‌లోని ఎంజీఎం, అంతే. 2022లో మహబూబాబాద్‌కు, మరుసటి ఏడాది జనగామకు, భూపాలపల్లికి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. కాన్పుకో, పాముకాటుకో ఒకప్పుడు పోయినంత దూరం ఇప్పుడు పోనక్కర్లేదు. క్యాన్సర్ అని తేలితే మాత్రం ఇప్పటికీ చాలామంది హైదరాబాద్ దారే పడుతున్నారు. ఆ దారి మొదట్లో, ఇంకా బస్సెక్కని మనిషి ముందు నిలబడేది మీరే. రొమ్ము క్యాన్సర్ అని తెలిసిన తొలి వారాల్లో ఆమెకు మీరేం చేయగలరో, నేనిక్కడ చెప్పదలచుకున్నది అదే.

ముందు కొన్ని అంకెలు. 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 23 లక్షల మంది మహిళల్లో కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడిందని, దాదాపు 6 లక్షల 70 వేల మంది చనిపోయారని అంతర్జాతీయ అంచనా. మన దేశంలో అదే ఏడాది కొత్త కేసులు సుమారు 1 లక్ష 92 వేలు, మరణాలు 98 వేలు. కొత్త కేసులతో పోలిస్తే మరణాలు ప్రపంచం మొత్తం మీద నూటికి ముప్పై లోపే, ఇక్కడ యాభై పైన. మన ఆడవాళ్లకు వచ్చే గడ్డ వేరే రకం రాక్షసి కాదు. మనవాళ్లు ఆలస్యంగా వస్తారు, వచ్చినవాళ్లలో కొందరు మధ్యలో మానేస్తారు. ఈ తేడాలో పెద్ద భాగం అదే.

ఆలస్యం ఎందుకంటే మొదట్లో చాలావరకు నొప్పి ఉండదు. మిరపకాయ ఏరడానికి పోయే మనిషికి నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి, పంటి నొప్పి అన్నీ ఉంటాయి. వాటి మధ్య నొప్పి లేని గడ్డ ఎవరికి గుర్తుంటుంది? 'నొస్తలేదు కద సిస్టర్, అదే కరుగుతది' అంటారు. ముప్పై దాటిన ప్రతి మహిళకూ ఉపకేంద్రంలోనే, పల్లె దవాఖానాలోనే రొమ్ము పరీక్ష చేయాలని జాతీయ కార్యక్రమం చెబుతోంది. రిజిస్టరులో టిక్కు పెట్టి పంపేయడం కాదు, తెర కట్టి, చేత్తో పరీక్ష చేయాలి. చేతి పరీక్షకు విలువేముందని తేలిగ్గా తీసేయకండి. ముంబైలో టాటా ఆసుపత్రి వాళ్లు లక్షన్నర మంది మహిళలతో ఇరవై ఏళ్లు ఒక అధ్యయనం నడిపారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలే రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించారు. 2021లో ఫలితాలు అచ్చయ్యాయి. మొత్తం మీద మరణాలు తగ్గినట్టు గట్టిగా రుజువు కాలేదు, ఆ మాట కూడా చెప్పాలి. కానీ యాభై దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు సుమారు 30 శాతం తగ్గాయి. ఆ చేతులు పెద్ద సర్జన్లవి కావు, మీలాంటివాళ్లవే.

మన దగ్గరా ఇలాంటి ప్రయత్నం జరిగింది. హైదరాబాద్‌లో గైనకాలజిస్టుగా పేరున్న డాక్టర్ ఉషాలక్ష్మికి 2002లో రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆమె కొడుకు, సర్జన్ డాక్టర్ రఘురామ్, 2007లో తల్లి పేరునే ఫౌండేషన్ పెట్టి, తెలుగు రాష్ట్రాల పల్లెల్లో పెద్ద ఎత్తున చేతి పరీక్షల కార్యక్రమం నడిపారు. వైద్యురాలి ఇంట్లోకి కూడా ఈ జబ్బు తలుపు తట్టకుండానే వస్తుంది. మీకేం కాదులే అని ఎవరితోనూ అనకండి.

ఇక అసలు సంగతికి వస్తాను. ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టు వస్తుంది. డాక్టరు గదిలో తల్లి, కొడుకు. రిపోర్టు కవరు కొడుకు చేతిలో. డాక్టరు కొడుకు ముఖం చూస్తూ ఇంగ్లిషు కలిపి నాలుగు మాటలు చెబుతారు. బయటికొచ్చాక ఆమె అడుగుతుంది: 'ఏమన్నడు కొడుకా?' 'ఏం లేదే అమ్మా, గడ్డ. తీసేస్తరట.' ఆమె కొడుకు కళ్లు చూస్తుంది, కొంగు సర్దుకుంటుంది, ఇంకేమీ అడగదు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో రెండు నాటకాలు నడుస్తాయి. ఆమెకు తెలియదని వాళ్లు, తనకు తెలుసని వాళ్లకు తెలియకూడదని ఆమె. క్యాన్సర్ ఆసుపత్రి బోర్డు చదవడం రాకపోయినా, ఆ వరండాలో గుండు తలలను చూసినవాళ్లకు ఎక్కడికి వచ్చామో అర్థం కాదా?

దాచేవాళ్లు దుర్మార్గులేం కాదు. 'అమ్మ తట్టుకోలేదు సిస్టర్' అని చేతులు పట్టుకుంటారు. చాలాసార్లు అసలు కారణం ఇంకోటి: 'చెల్లె పెండ్లి అయ్యేదాకా ఊర్లె తెల్వొద్దు.' ఈ భయానికి మీ దగ్గర జవాబుండాలి. పుట్టుకతో వచ్చే జన్యు లోపం వల్ల వచ్చేవి రొమ్ము క్యాన్సర్లలో నూటికి అయిదు నుంచి పది మాత్రమే. తల్లికి వస్తే బిడ్డకు రాసిపెట్టినట్టు కాదు. ఇది అంటురోగం కాదు, శాపం కాదు. మగవాళ్లకూ వస్తుంది, నూటికి ఒకటి కంటే తక్కువే అయినా. ఆ మాట చెప్పాక కూడా ఊళ్లో ఎవరికి చెప్పాలి, ఎవరికి వద్దు అన్నది ఆమె ఇష్టం. సినీనటి హంసానందిని తన తల్లినీ ఇదే జబ్బు తీసుకుపోయిందని, తనలోనూ ఆ జన్యు లోపం ఉందని 2021 డిసెంబరులో లోకానికంతా చెప్పుకున్నారు. నటి గౌతమి రొమ్ము క్యాన్సర్ చికిత్స అయ్యాక క్యాన్సర్ బాధితుల కోసం సంస్థే పెట్టారు. మన తండాలోని మనిషి అంత ధైర్యంగా చెప్పకపోతే ఆమె తక్కువదేం కాదు. ఆమెకు మాత్రం ఆమె జబ్బు తెలియాలి. ఎందుకంటే నెలల తరబడి సూదులు పొడిపించుకోవాల్సింది ఆమె.

ఎలా చెప్పాలి? పెద్ద చదువు అక్కర్లేదు. కూర్చోబెట్టండి, మీరూ కూర్చోండి. 'మీకు ఎంతవరకు తెలుసమ్మా?' అని అడగండి. 'మీకు చెప్పమంటారా, ఇంట్లో ఎవరైనా పక్కనుండాల్నా?' అనండి. జబ్బు పేరు ఒకసారి సూటిగా చెప్పి నోరు మూసుకోండి. ఆ మాట తరవాత మీరు చెప్పేదేదీ ఆమె చెవిన పడదు. మందుల పేర్లు, రిపోర్టులోని అక్షరాలు అప్పుడే వల్లించడం మన తృప్తికే గాని ఆమెకు కాదు. ఏడిస్తే ఏడవనివ్వండి. 'ధైర్యంగా ఉండాలి' అనే మాట నాకసలు నచ్చదు. అది విన్న మనిషి మన ముందు ఏడవడం మానేస్తుంది, అంతకుమించి దానివల్ల జరిగేది లేదు. ధైర్యం చెప్పే బదులు తేదీ చెప్పండి. ఎప్పుడు రావాలి, ఎవరిని కలవాలి, ఏ కాగితాలు తేవాలి, వెంట ఎవరొస్తారు? ఒక తెల్లకాగితం మీద తెలుగులో పెద్దక్షరాలతో రాసివ్వండి. రేపేం చేయాలో తెలిసిన మనిషికి కాస్త నిద్ర పడుతుంది. నిద్ర పట్టక, తిండి మానేసి, బతుకెందుకు అనే మాట వస్తే 14416, టెలీమానస్ మానసిక ఆరోగ్య సహాయ నంబరు కూడా ఆ కాగితం మీదే ఉండాలి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

డబ్బు, దారి: చాలా కుటుంబాలు ఇక్కడే కూలబడతాయి. ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఉంది, తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితిని 10 లక్షలకు పెంచారు. కానీ ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు ఉంటే ఆసుపత్రి కౌంటరు దగ్గర ఆగిపోతారు. ఊరు కదలకముందే ఆ రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూడండి. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే 1955 నుంచి ఉన్న ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి. అక్కడ ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటారో తెలియక మొదటి రోజంతా లైన్లోనే పోగొట్టుకునేవాళ్లుంటారు. ఎవరిని అడగాలో ఇక్కడే చెప్పి పంపండి.

జనగామ, మహబూబాబాద్‌లకు రైలుంది. క్యాన్సర్ చికిత్సకు పోయే రోగికి స్లీపర్‌లో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వచ్చేవాళ్లకు 75 శాతం రాయితీ. ఆసుపత్రి డాక్టరు సంతకం, ముద్రతో ఫారం ఉండాలి. ఇది తెలియక, కీమో అయి వాంతులతో ఉన్న మనిషిని జనరల్ బోగీలో నిలబెట్టి తెచ్చేవాళ్లను చూశాను. భూపాలపల్లి వాళ్లకు ఆ రైలూ లేదు, బస్సే దిక్కు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ బస్సుల దాకా ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి కూతురో చెల్లెలో తోడు పోతే ఖర్చు తగ్గుతుంది. ఇలాంటి లెక్కలు వేసిపెట్టడం కూడా నర్సింగే. ప్రతి జిల్లా ఆసుపత్రిలో డే కేర్ క్యాన్సర్ కేంద్రం పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. అవి పూర్తిగా అందుబాటులోకి వస్తే ఈ ప్రయాణాలు చాలా తగ్గుతాయి. అక్కడి కీమో కుర్చీల పక్కన నిలబడాల్సింది మీరే గనక ఇప్పటినుంచే నేర్చుకోండి.

ఇంటికొచ్చాక ఇంకో గండం, పథ్యం. వంకాయ వద్దు, గుడ్డు వేడి, మాంసం పుండుకు చెరుపు, పెరుగు చలువ. చివరికి పాపం చారన్నం మిగులుతుంది. కీమో నడిచే మనిషికి గుడ్డు, పప్పు, పాలు, బాగా ఉడికించిన మాంసం కావాలి. అత్తగారితో వాదించకండి, గెలవలేరు. 'డాక్టరు రాసిండు' అని అదే కాగితం మీద రాసివ్వండి. ఆకుపసరు కట్టించుకునేవాళ్లను తిట్టకండి. తిడితే కట్టడం మానరు, మీకు చెప్పడం మానేస్తారు. 'కత్తి పెడితే పాకుతది' అంటే ముక్క పరీక్ష ఎందుకో ఓపిగ్గా చెప్పండి. గడ్డ ఏ రకమో తెలియకుండా మందు ఎంచుకోలేరు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. కీమో ఎక్కించుకున్నాక జ్వరం 100.4 డిగ్రీలు దాటితే గోలీ వేసుకుని పొద్దున చూద్దామనుకోవద్దు. తెల్లరక్త కణాలు పడిపోయిన సమయంలో అది ప్రాణాంతకం. నడిరాత్రి అయినా ఆసుపత్రికి రావాలి, రాగానే 'కీమో నడుస్తోంది' అని చెప్పాలి. ఇంట్లో థర్మామీటరు లేకపోతే కొనిపించండి.

జుట్టు మొదటి కీమో తరవాత రెండు మూడు వారాల్లో రాలుతుంది, ముందే చెప్పండి. దువ్వెనకు కుచ్చుగా వచ్చినప్పుడు ఆమె ఒక్కతే బెంబేలెత్తకూడదు. రొమ్ము తీసేశాక భర్త ముందు చీర మార్చుకోవడానికి సిగ్గుపడే మనిషి ఆ మాట మగ డాక్టరుతో అనదు, మీతో అంటుంది. భర్తనూ విడిగా పిలిచి మాట్లాడండి. మన మగవాళ్లు ఏం చేయాలో తెలియక దూరం జరుగుతారు. చాలాసార్లు అది కఠినత్వం కాదు. డ్రెస్సింగు పట్టుకోవడం, చేయి వ్యాయామం చేయించడం అప్పగిస్తే చేస్తారు.

చివరగా ఒక పని. మీ కేంద్రం పరిధిలో చికిత్స పూర్తి చేసుకుని, మళ్లీ నాట్లకు పోతున్న ఆడవాళ్లు ఉంటారు. అయిదేళ్ల గోలీలు మింగుతూ, ఎవరికీ చెప్పకుండా తిరుగుతుంటారు. వాళ్లతో పరిచయం పెంచుకోండి. కొత్తగా క్యాన్సర్ అని తేలిన మనిషికి మనం గంట చెప్పినా ఎక్కనిది వాళ్లు జాకెట్టు సర్దుకుంటూ ఒక్క ముక్కలో చెబుతారు. కానీ ఇద్దరినీ విడివిడిగా అడగకుండా కలపకండి. ఒకసారి ఒప్పుకున్న ఆమె ఈసారి వద్దంటే బతిమాలకండి. వీలైతే పక్క ఊరి మనిషిని చూడండి, సొంతూరి మనిషి ముందు మన ఆడవాళ్లు నోరు విప్పరు. ఆ పేర్లు ఆఫీసు రిజిస్టరులో రాయకండి, వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టకండి. వచ్చే నెల డ్యూటీలో చేరగానే ఆశా కార్యకర్తను కూర్చోబెట్టుకుని అడగండి, అలాంటివాళ్లు ఎవరున్నారో ఆమెకు తెలుస్తుంది.