చేతికి చదువు
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



మన సంఘ కార్యదర్శిగారు మమ్ము విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కోరిరి. ముప్పదియేండ్లకు పైబడి సంస్కృతము బోధించినవారము గావున శబ్దమంజరిని గూర్చియో పరీక్షలను గూర్చియో ప్రసంగింతుమని వారు తలచియుందురు. క్షమింపవలెను. చొక్కాకు బొత్తాము పెట్టుకొనుట, అన్నము కలుపుకొనుట, పలకపై గీత గీయుట, ఈ మూడు విద్యలను గూర్చియే నేడు మాటలాడ దలచితిమి.

మొదట మా యపరాధమును చెప్పుకొందుము. మేము పనిచేసిన యొక పాఠశాలలో ఆరవ తరగతి బాలుడొకడు రామశబ్దమును ఇరువదినాలుగు రూపములతో తడబాటు లేక అప్పగించెడివాడు. కాగితముపై వ్రాయుమన్నచో గంటకు అరపుట నిండదు. నిండినను మేము చదువజాలము. నోటికి వచ్చినది చేతికేల రాదని మేము కోపించి, ప్రతిపాఠమును నూరుమారులు వ్రాయించితిమి, బల్లపై నిలువబెట్టితిమి. కొన్నాళ్లకు వాడు బడికి రాడయ్యెను. బుద్ధి చక్కగా నుండియు కన్నును చేయియు కూడి పనిచేయుటలో చిక్కు గలిగిన బిడ్డలుందురనియు, దానికి సోమరితనముతో సంబంధము లేదనియు, నూరుమారులు వ్రాయించుట దానికి మందు కాదనియు మాకు తెలియునప్పటికి మేము ఉద్యోగమునుండి విరమించియుంటిమి. ఆ బాలుడిప్పుడెక్కడ నున్నాడో యెరుగము.

ఈ సంగతి మాకు తెలిసిన చోటు ఏ గ్రంథాలయమును గాదు. మా దగ్గరి బంధువుల బిడ్డను వెంటబెట్టుకొని విశాఖపట్టణమున నొక ప్రత్యేక పాఠశాలకు కొన్నినెలలు పోయివచ్చుచుంటిమి. అచ్చట ఆక్యుపేషనల్ థెరపిస్టు పనిచేయు గదిలో నొక మూల కూర్చుండుటకు మాకనుమతి దొరికెను. అరువదియేండ్లు దాటిన తరువాత మేము మరల బడిలో చేరినట్లయ్యెను.

ఆక్యుపేషనల్ థెరపీని తెలుగున వృత్తిచికిత్స యందురు. వృత్తి యనగానే మనవారికి కులవృత్తియో, ఉద్యోగమో స్ఫురించును. ఈ బిడ్డకు బుట్టలల్లుట నేర్పుదురు కాబోలునని మేమును తలచితిమి. కాని సంస్కృతమున వృత్తిశబ్దము వృత్ ధాతువునుండి పుట్టినది. ఉండుట, వర్తించుట దాని యర్థము. ఏ వయస్సునందు ఏది చేయుచు మనుజుడు దినము గడపునో అదియే వాని వృత్తి. అయిదేండ్ల బిడ్డకు ఆటయు, తిండియు, స్నానమును, బట్ట కట్టుకొనుటయు వృత్తులు. ఈ యర్థమున జూచినచో పేరు సరిపోయినదే!

ఈ శాస్త్రము క్రొత్తది. 1917లో అమెరికాదేశమున దీనికై మొదటి సంఘ మేర్పడెను. అమెరికాలో జన్మించి నింబ్‌కర్ కుటుంబమున కోడలై వచ్చిన కమలా నింబ్‌కర్ గారు 1950లో బొంబాయి కె. ఇ. ఎం. ఆసుపత్రియందు దీని శిక్షణాలయమును మన దేశమున మొట్టమొదట స్థాపించిరి. 1952లో అఖిలభారత సంఘమును వెలసెను.

ఇక మేము కన్నులార జూచినవి చెప్పెదము. తొమ్మిదేండ్ల బాలుడొకడు, సెరిబ్రల్ పాల్సీ గలవాడు, వ్రాయుటకు కూర్చుండెను. మేమైనచో తిన్నగా పెన్సిలు వంక చూచియుందుము. ఆమె వాని పాదముల వంక చూచెను. కుర్చీ యెత్తుగా నుండుటచే పాదములు గాలిలో వ్రేలాడుచుండెను. వాని క్రింద నొక చెక్కపెట్టె నుంచి, నడుమునకు ఆనిక కల్పించి, బల్లపై వాలుగా నొక పలకను నిలిపెను. మొండెము నిలుకడగా నున్నగాని చేయి స్వాధీనము కాదట. ఎన్ని వందలమంది పిల్లలను ఎత్తు బల్లలపై కాళ్లు వ్రేలాడ కూర్చుండబెట్టి దస్తూరి బాగులేదని దండించితిమో తలచుకొని మేము తలవంచుకొంటిమి.

మరియొకచోట బొత్తాముల పాఠము. మనము మొదటినుండి మొదలిడుదుము. ఆమె తుదినుండి మొదలిడెను. బొత్తామును కాజాలో ముప్పాతిక దూర్చి, తుదిలాగుడు మాత్రము బిడ్డకు విడిచెను. అది వచ్చిన పిమ్మట సగము, ఆపైన పావు. ప్రతిదినము పని పూర్తిచేసినవాడు బిడ్డయే యగును గావున వానికి ఓటమి రుచి తెలియదు. మా బోధనలో ఈ క్రమము మాకొక్కనాడును తోచలేదు.

భోజనము మరి యొక ప్రకరణము. మనము చేతితో తినువారము. అన్నమును పప్పును కలిపి ముద్దచేసి మునివేళ్లతో పట్టి బొటనవ్రేలితో నోటిలోనికి త్రోయుట ఎంత కష్టమైన కార్యమో, చేయలేనివానిని చూచినగాని తెలియదు. దానికి ముందు చింతగింజలు ఏరించుట, పిండి పిసికించుట, బట్టలక్లిప్పులు నొక్కించుట జరుగును. చెంచా పట్టలేని బిడ్డకు పిడికి గుడ్డచుట్టి లావుచేసి యిత్తురు. వెలగల యంత్రములేవియు మాకు కనబడలేదు. ఒక తల్లి పండ్రెండేండ్ల కుమారునకు తానే ముద్దలు పెట్టుచుండగా, "అమ్మా, మీరు చేసిపెట్టిన పని బాబు నేర్చుకొనడు. పావుగంట ఆలస్యమైనను ఓర్చుకొనుడు" అని ఆమె చెప్పెను. తల్లి కన్నీరు పెట్టుకొనెను. ఆ ముద్దలో నున్నది ప్రేమయే గదా! మాకును ఎవరి పక్షము వహింపవలెనో తోచలేదు.

ఆటిజము గల బిడ్డలు కొందరు కుక్కరు కూతకు చెవులు మూసికొందురు. ఊయలయందు కొందరు కుదుటపడుదురు. ఈ యింద్రియ సంబంధమైన చికిత్స యెంతవరకు ఫలించునను విషయమున పండితులలో నేకాభిప్రాయము లేదు. బిడ్డ చేయవలసిన పనినే చిన్న భాగములుగా విడదీసి నిత్యము చేయించుటయే దృఢమైన మార్గమని మాకు తోచినది. సంపూర్ణముగా నయము చేయుదుమని మాటయిచ్చువారిని మాత్రము నమ్మకుడు.

పంచతంత్రమున విష్ణుశర్మ మందబుద్ధులని పేరుబడిన ముగ్గురు రాజకుమారులను ఆరునెలలలో నీతికోవిదులను జేసెదనని ప్రతినబూనెను. వ్యాకరణమునకే పండ్రెండేండ్లు పట్టునని మంత్రులనుచుండగా ఆయన శిష్యులను మార్చుమని యడుగలేదు, పాఠము చెప్పు తీరును మార్చెను. ఈ కథను ఏటేట బోధించియు మేము దాని పీఠికను చదువనివారివలె ప్రవర్తించితిమి.

మన విశాఖకు 1933లో ఓడరేవు, 1992లో జాతికంకితమైన యుక్కు కర్మాగారము వచ్చినవి. వానితోపాటు వచ్చిన కుటుంబములలో ఇట్టి బిడ్డలును వచ్చిరి. ఉక్కునగరమున అరుణోదయ, నౌకాదళ కుటుంబముల పూనికతో సంకల్ప్, పట్టణమున లెబెన్‌షిల్ఫే అను పాఠశాలలు వెలసినవి. ఈ తుదిపేరు జర్మను భాషలో జీవనసహాయ మనుట. సికిందరాబాదునందు 1984లో జాతీయసంస్థ యేర్పడెను. 2016 నాటి చట్టము వికలాంగత్వమును ఇరువదియొక్క విధములుగా గుర్తించి, నలువదిశాతమునకు తక్కువకాని వైకల్యముగల బిడ్డలకు ఆరు మొదలు పదునెనిమిదేండ్లవరకు ఉచితవిద్య హక్కని చెప్పినది. చట్టమున్నది, గాజువాకనుండియో భీమిలినుండియో బిడ్డను ఎత్తుకొని రెండు బస్సులు మారు తల్లికి ఆటోకూలి యెవరిత్తురు?

ఇప్పుడు మన సంఘము మాట. మన వివాహవేదిక పుస్తకములో ఏ యింటను ఇట్టి బిడ్డ కనబడడు. మన యిండ్లలో లేకనా? అక్క సంబంధము చెడునని తమ్ముని వెనుకగదిలో నుంచిన యిల్లు మేమెరుగుదుము. అయిదేండ్ల వయస్సున నేర్పదగినది పదునెనిమిదేండ్లకు వెలికివచ్చిన బిడ్డకు నేర్పుట ఎంతయో కష్టము.

ఏటేట ఈ వేదికపై నూటికి తొంబది మార్కులు తెచ్చినవారికి బహుమానము లిచ్చుచున్నాము. ఈయదగినదే, మేమును కొన్ని ఇచ్చితిమి. ఆ విద్యానిధినుండి రెండు వ్యయములకు అనుమతి నిండని కార్యవర్గమును వేడుచున్నాము. మొదటిది, చికిత్సకు పోవు బిడ్డల ప్రయాణవ్యయము. రెండవది, ఇంటరులో జీవశాస్త్రము చదివి వైద్యకళాశాలలో సీటు రాక నిరుత్సాహపడు మన బాలబాలికలలో ప్రతియేట నొక్కరికి ఈ వృత్తిచికిత్సాపట్టమునకై జీతము కట్టుట. మా మొదటి పింఛను నెలసొమ్మును దీనికై కోశాధికారిగారి చేతి కిదివరకే యిచ్చితిమి.

భోజనశాల ద్వారమువద్ద నొక పుస్తక ముంచినాము. ఇంట నిట్టి బిడ్డ గలవారు పేరు వ్రాయనక్కరలేదు. ఊరును బిడ్డ వయస్సును వ్రాసిన చాలును. ఉదయమునుండి ఇప్పటివరకు అందు మూడు పంక్తులు నిండినవి. మొదటిది మేము వ్రాసినదే.