అండమాను అతిథి



“కాలాపానీ” యన్నంతనే ఒకప్పుడు జనులు గడగడలాడెడివారు. నేడచటికే విహారమునకు పోవుచున్నారు. 1906లో పూర్తియైన సెల్యులార్ కారాగారము 1979 నుండి జాతీయ స్మారకము. ఆ ఒంటరి గదులను చూచి వెలువడినవారికే రాధానగర్ తీరపు గాలి విలువ తెలియును.

భోజనమునకు లోటు లేదు. శ్రీకాకుళ, విశాఖ తీరములనుండి వెడలిన తెలుగు జాలరులు అచట స్థిరపడినారు. వారు పట్టిన చేప వంగీయుల యింట ఆవపులుసగును. కేరళీయుల యింట కొబ్బరికూర యగును. అందరిని కలుపు భాష హిందీ.

అయితే బారాటాంగ్ సున్నపురాతి గుహలకు పోవు బాట జారవాల యడవిగుండ సాగును. ఆ ఆదిమవాసులు వేడుకవస్తువులు కారు. 1956 నాటి రక్షణ శాసనము అనుమతి లేనివారిని వారి నేలపై అడుగిడనీయదు. ఛాయాచిత్రమున కాశపడి బండి నాపరాదు. పిలువని పేరంటమునకు పోరాదని మన యిండ్లలో పసివారికిని తెలియును గదా!