ఫోనులో చదువు – మన ఇళ్లలో ఇబ్బందులు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1న, తెలంగాణ బడిపిల్లలకు పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్లలో మొదలయ్యాయి. తరగతి గది ఇంటికే వచ్చిందని సంతోషించాం. టీవీలో పాఠం అయ్యాక అనుమానం అడగాలన్నా, హోంవర్కు పంపాలన్నా ఫోనే కావాలి. ఇంటికి ఒక్కటే ఫోను. అది పొద్దున్నే అబ్బాజాన్ వెంట పనికి పోతుంది. రాత్రి తిరిగొచ్చాక ముందు అన్న చేతికి. చెల్లెలి వంతు వచ్చేసరికి డేటా అయిపోయి ఉంటుంది.

ఇది ఒక్క మన బస్తీ సంగతి కాదు. 2023 అసర్ సర్వేలో, గ్రామీణ ప్రాంతాల 14–18 ఏళ్లవారిలో దాదాపు 90 శాతం ఇళ్లలో స్మార్టుఫోను ఉంది. వాడడం తెలిసినవారిలో సొంత ఫోను ఉన్న అబ్బాయిలు 43.7 శాతం, అమ్మాయిలు 19.8 శాతమే. ఆడపిల్లకు ఫోనిస్తే చెడిపోతుందంటారు. మగపిల్లవాడు చూసే రీల్సు మాత్రం ఎవరికీ కనబడవు! సొంత ఫోను కొనివ్వాలా వద్దా అన్నది ఆయా ఇంటి పెద్దల ఇష్టం. గంటసేపు చదువుకోవడానికి ఇవ్వడానికి ఏం అడ్డం?

కాలేజీల్లో 2021 యూజీసీ నిబంధనలు సెమిస్టరులో 40 శాతం దాకా కోర్సులు స్వయం ద్వారా చదవనిస్తున్నాయి. వీడియో ఫోనులో చూడొచ్చు గానీ, నాలుగు పేజీల జవాబు ఆ చిన్న తెర మీద కొట్టడం ఎవరి తరం? ఉద్యోగస్తులదీ అదే అవస్థ. 2020 అక్టోబరు నుంచి టీచర్లకు నిష్ఠ శిక్షణ దీక్షా యాప్‌లోనే పెట్టారు. బడి, వంట, పిల్లలు అన్నీ అయ్యాక టీచరమ్మ ఎప్పుడు చదవాలి?

అందుకే మన సంఘం గదిని సాయంత్రం రెండు గంటలు ఆడపిల్లలకు కేటాయించి, రెండు కంప్యూటర్లు, వైఫై పెట్టించమని కార్యవర్గాన్ని కోరుతున్నాము. తాళంచెవి ఏ ఇల్లాలి దగ్గర ఉండాలో కూడా ఈ సభలోనే తేల్చండి.