గ్రంథాలయమే ప్రయోగశాల

ఏలూరు నుండి కైకలూరు వైపు పోవునపుడు దారి పొడవునా చేపల చెరువుల గట్లు కనిపించును. ఆ గట్ల నడుమనే మన కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు దానిలోనికి వరదనీటిని తెచ్చును. ఉప్పుటేరు ఒక్కటే ఆ నీటిని సముద్రమునకు చేర్చును.

ఈ సరస్సును ఏ శాస్త్రము క్రింద బోధింపవలెను? నీటి పారుదల ఇంజనీరుది. వలస పక్షి జంతుశాస్త్రజ్ఞునిది. గట్టు తగవు న్యాయవాదిది. వల వేయువాని బ్రతుకు అర్థశాస్త్రమునకు చెందినది. మన విద్యాలయములలో వీరు నలుగురును వేర్వేరు గదులలో కూర్చుందురు. ఏలూరులో 1945లో వెలసిన సర్ సి. ఆర్. రెడ్డి కళాశాల కలదు. వెంకటరామన్నగూడెమున 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయము కలదు. తాడేపల్లిగూడెమున 2015లో ఆరంభమైన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ కలదు. కొల్లేరు మాత్రము అందరికిని ఒక్కటే. ఈ విద్యార్థులు కలసి కూర్చుండదగిన చోటు గ్రంథాలయమని మా మనవి. అది ఏ ఒక్క శాఖకును సొంతము కాదు.

అచట చదువుట మాత్రమే పని కాదు. పెద్ద బల్లమీద కొల్లేటి పటము పరచి, సముద్రమట్టమునకు ఐదడుగుల ఎత్తున నున్న రేఖ వెంబడి విద్యార్థి తన చేతితో దారము పెట్టవలెను. ఆ రేఖకు లోపలి సుమారు 308 చదరపు కిలోమీటర్లు 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2002లో సరస్సు రామ్‌సర్ జాబితాకెక్కెను. 2006లో లోపలి చెరువుల గట్లు తెగగొట్టబడెను. ప్రకటన ప్రతిని ఒకరు, వానల లెక్కను మరియొకరు విప్పి చూచినచో, దారము క్రింద ఎవరి ఊరున్నదో, ఎవరి చెరువున్నదో తెలియును. సీసాలో తెచ్చిన ఉప్పుటేటి నీటి లవణమును కొలిచినచో, సరస్సు తగ్గినపుడు సముద్రము ఎదురు వచ్చుననుట అనుభవమునకు వచ్చును.

పుస్తకములు తడియునేమో, చదువరులకు అలజడి కలుగునేమో యని గ్రంథాలయాధికారి శంకింపవచ్చును. ఆ భయము న్యాయమే. తడి పనికి వేరొక గదిని, చదువరులకు నిశ్శబ్దమైన వేళలను ఏర్పరుపవచ్చును. 1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు సీమ కాలువపై పుస్తకములను పడవకెక్కించి ఊరూరికి పంపిరి. పుస్తకము నీటి మీదికి పోయిన దేశమున, నీటి సీసా పుస్తకముల కడకు వచ్చుట తప్పగునా?

శ్రోతలారా, రేపు ఆ రేఖను గీయవలసినవారును, మార్చవలసినవారును ఈ పిల్లలే. దానికి ఇరువైపుల బ్రతుకులున్నవని ఎరిగిన చేతితో వారు గీయవలెనని మా కోరిక.