హబ్షీలు – మనము



గడచిన వేసవిలో నేను సూర్యాపేటలో బస్సెక్కి కోదాడకు పోవుచుంటిని. బస్సు క్రిక్కిరిసి యుండెను. నలుగురైదుగురు నిలుచుండిరి. అయినను ఒక్క చోటు మాత్రము ఖాళీగా నుండెను. దాని ప్రక్కన ఆఫ్రికా ఖండమునుండి వచ్చిన యొక విద్యార్థి కూర్చుండి యుండెను. దాచనేల, నేనును క్షణకాలము వెనుకాడితిని. పిమ్మట పోయి కూర్చుంటిని. చోటు చాలినంత యున్నను అతడు తన సంచిని ఒడిలోనికి తీసికొని కిటికీవైపునకు ఒదిగెను. ఎందరు తొలగిపోయినచో మనుష్యునకు అట్టి యలవాటు పట్టువడును!

వెనుకనుండి యెవరో "హబ్షీవాడు" అని గొణిగిరి. ఆ మాట నన్ను విడువలేదు. దానిని గూర్చియే నేడు మీకు విన్నవించెదను.

అరబ్బీ భాషలో హబష్ అనగా నేటి ఇతియోపియా ప్రాంతము. ఆ దేశస్థుడు హబ్షీ. ఆంధ్రదేశస్థుని ఆంధ్రుడనుట యెట్టిదో అదియు నట్టిదే. పుట్టుకలో దోషము లేని పేరు మన నోటబడి తిట్టుగా మారినది.

హబ్షీలు దక్కనునకు నిన్న వచ్చినవారు కారు. బానిసలుగా అమ్ముడుపోయి ఓడలలో వచ్చినవారిలో కొందరు సేనానులైరి. మలిక్ అంబరు అట్టివాడే. అతడు అహమ్మదునగర రాజ్యభారము వహించి, 1626లో మరణించువరకు మొగలు సేనల నెదిరించెను. 1610లో అతడు నెలకొల్పిన ఖడికి పట్టణమే తరువాత ఔరంగాబాదైనది. అచ్చటికి కాలువలద్వారా నీరు తెచ్చినవాడును అతడే.

మన తెలుగునేలలో వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు హబ్షీ యోధుల దళము నొకదానిని కూర్చెను. అది పిమ్మట నిజాము కొలువులో చేరి, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్సు అను పేరందెను. హైదరాబాదులోని ఏ.సీ. గార్డ్సు పేటకు ఆ పేరు వారివలననే వచ్చినది. 1948లో సంస్థానము భారతదేశమున కలిసిన పిమ్మట ఆ దళము రద్దయ్యెను. కొలువు పోయినది గాని మనుష్యులు పోలేదు. వారి సంతతివారు సిద్దీలనబడుచు నేటికిని అచ్చట కాపురమున్నారు. పెండ్లిండ్లలో మర్ఫా వాయించుచున్నారు. ఆ మ్రోతకు చిందులు వేసిన వారే మరునాడు "మీదే దేశ"మని వారినడుగుదురు. తాతముత్తాతలు ఈ మట్టిలోనే కలిసినవారిని అట్లడుగుట న్యాయమా?

నా ప్రక్కనున్న బాలుడు మాత్రము నిజముగా క్రొత్తవాడు. హైదరాబాదులో చదువుచున్నాడట. నాకు వచ్చిన ఇంగ్లీషులో పలుకరించితిని. "అయ్యా, చదువుకన్న అద్దెయిల్లు దొరకుటయే కష్టము. మాలో నొకడు తప్పుచేసిన పత్రికలలో పడును, ఆనాటినుండి అందరమును దొంగలమే" అనెను.

మనవారును ఒకనాడు ఆ ఖండమునకు కూలికి పోయినవారే. 1860లో ట్రూరో యను ఓడ మదరాసునుండి కూలీలతో నేటాలులోని డర్బను రేవు చేరెను. అది మొదలు చెరకుతోటలకు పోయినవారిలో తెలుగువారు పెక్కురు. వారి సంతతివారు తమ భాషకొరకు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. అచ్చటి తెల్లవారు మనవారినందరిని కూలీ యను నొక్క మాటతో కొలిచిరి. 1893లో గాంధీజీని పీటర్‌మారిట్స్‌బర్గులో రైలుపెట్టెనుండి దింపివేసిరి. ఆ కథను ఏటేట పిల్లలకు చెప్పి కంటతడి పెట్టించినవాడను. బస్సులో ఖాళీచోటు చూచి వెనుకాడినవాడను నేనే.

కోదాడలో నేను దిగుచుండగా, మిర్యాలగూడనుండి వచ్చి విజయవాడకు పోవు నొక ముసలమ్మ మూటతో ఎక్కినది. నేను లేచిన చోటు చూచి, "కొద్దిగ జరుగు బిడ్డా" అని కూలబడినది. మాట తెలియకున్నను అతడు నవ్వి జరిగెను. ఆమె మూటను తానే పైన బెట్టెను. ఆమె యే బడిలోను చదివినట్లు తోచలేదు. నాకు కావలసిన పాఠము మాత్రము ఆమెయొద్ద నున్నది.

పెద్దలారా, పిల్లలు మన రచ్చబండ మాటలనే నేర్తురు. హబ్షీ యను మాట మన నోట తిట్టైనది. దానిని మరల ఉత్త పేరుగా చేయుటయు మన నోటిలోనే యున్నది.