అరచేతిలో డార్త్ వేడర్

1977లో మొదలైన ‘స్టార్ వార్స్’ సినిమాల పాత్రలకు తల నుంచి నడుము దాకా చేసిన చిన్న బొమ్మలున్నాయి. మినీ బస్ట్‌లంటారు. అమెరికాలోని జెంటిల్ జెయింట్ కంపెనీవి వీటిలో పేరుమోసినవి. కొలత అసలు మనిషిలో ఆరో వంతు.

చాలావరకు రెజిన్‌లో రాతిపొడి కలిపి అచ్చు పోసినవే. అందుకే చేతికి బరువుగా తగులుతాయి, కిందపడితే పింగాణీలా పగులుతాయి. బొమ్మ మంచిదో కాదో ముందు ముఖం చెబుతుంది. డార్త్ వేడర్‌తో పేచీ లేదు, నల్ల ముసుగు నిగనిగలాడితే చాలు. హాన్ సోలో దగ్గరే చిక్కంతా. ఆ పాత్ర వేసిన హారిసన్ ఫోర్డ్ పోలిక రావాలి, ఆ వంకర నవ్వూ రావాలి. కంటిపాప వెంట్రుకవాసి జరిగినా మెల్లకన్నే! రంగులు చేత్తో వేసినప్పుడు ఒకే అచ్చులోంచి వచ్చిన రెండు బొమ్మలు కూడా ఒకలా ఉండవు. జుట్టు నుదుటిని కలిసేచోట, కాలరు మెడను తాకేచోట రంగు పక్కకు పాకిందేమో చూడండి. అతుకు గీత కనిపిస్తోందేమో కూడా.

పీఠం అడుగున మొత్తం ఇన్నింటిలో ఇది ఎన్నోదో అంకె వేస్తారు. దానికే మురిసిపోయేవాళ్లున్నారు. నా మటుకు నాకు, ముఖం కుదరని బొమ్మకు ఒకటో నంబరున్నా దండగే. కొనేముందు పెట్టె మీది ఫొటో కాదు, లోపలి బొమ్మను చూపించమనండి.